బెంగళూరులో గర్భసంచి ఆపరేషన్: ముందు నెల నుంచి ఆరో వారం దాకా

నాకు గర్భసంచి తీసేసి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి మా అపార్ట్‌మెంట్‌ ఆడవాళ్ళు, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి చుట్టాలు అడుగుతూనే ఉన్నారు. "అక్కా, తీసేయాలంటోంది డాక్టరమ్మ, ఏం చేయమంటావ్?" "ఎన్నాళ్ళకి లేచి పని చేసుకోవచ్చు?" "పప్పు తినొచ్చా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఈ ఆపరేషన్‌లో గాయాలు రెండు. ఒకటి పొట్ట మీద కనపడేది. రెండోది లోపల, గర్భసంచి తీసేశాక యోని పైకొసన వేసే కుట్టు. పైది పది పదిహేను రోజుల్లో మానినట్టే ఉంటుంది. లోపలిది గట్టిపడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ఇంట్లోవాళ్ళు పైదాన్ని చూసి "బాగానే ఉన్నావుగా" అంటారు, మనమూ నమ్మేసి లేస్తాం. కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఆ లోపలి కుట్టు కోసమే.

నేను డాక్టర్ని కాదు. మీ ఒంటి తీరు చూసి మీ డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే పాటించండి.

1. నిజంగా తీయాలా అన్నది తేల్చుకోండి

డాక్టరు చెప్పిన జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి. "గర్భసంచి వాచింది", "పాడైపోయింది", "పుండు పడింది" అనేవి జబ్బు పేర్లు కావు. ఫైబ్రాయిడ్లు, అడినోమయోసిస్, ఎండోమెట్రియోసిస్, గర్భసంచి కిందికి జారడం, లోపలి పొర మందం కావడం, క్యాన్సర్. ఇలా పేరు తెలిస్తేనే ఇంకో డాక్టరు దగ్గర అడగగలం.

తెల్లబట్ట అవుతోందనో, నడుం లాగుతోందనో తీసేయమంటే అక్కడ ఆగండి. "పిల్లలు పుట్టేశారుగా, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్నా ఆగండి. తెల్లబట్టకి చాలాసార్లు మందులు సరిపోతాయి. ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు.

మనవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడుకి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది దాటింది. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. మీకు నలభై లోపే అయితే రెండో డాక్టరు అభిప్రాయం లేకుండా తేదీ తీసుకోవద్దు.

ఈ దారులు మీకు పనికొస్తాయా అని ఒక్కొక్కటీ అడగండి:

☐ రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు
☐ గర్భసంచి లోపల పెట్టే, మిరెనా లాంటి హార్మోన్ లూప్
☐ గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్
☐ గర్భసంచి లోపలి పొరను మాడ్చే పద్ధతి
☐ గడ్డకి వెళ్ళే రక్తనాళాన్ని మూసేసే ఎంబోలైజేషన్
☐ గర్భసంచి జారినవాళ్ళకి లోపల పెట్టే రింగు

పనికిరాదంటే ఎందుకు పనికిరాదో చెప్పమనండి. నా విషయంలో మాత్రలు రెండేళ్ళు వాడాను, లూప్ వేయించుకున్నాను, అది రెండుసార్లు జారిపోయింది, హిమోగ్లోబిన్ ఏడుకి పడింది. అంత చూశాక తీసుకున్న నిర్ణయం కాబట్టి ఒక్కరోజు కూడా "అయ్యో" అనుకోలేదు. క్యాన్సర్ అని తేలినవాళ్ళు మాత్రం ఈ జాబితా పట్టుకుని నెలలు గడపకూడదు.

2. ఏం తీస్తారు, ఏం ఉంచుతారు, ఎక్కణ్ణుంచి తీస్తారు

"గర్భసంచి తీస్తాం" అన్న ఒక్క మాటలో చాలా రకాలున్నాయి. గర్భసంచి ముఖద్వారంతో సహా తీయొచ్చు, ముఖద్వారం ఉంచేయొచ్చు. ట్యూబులు (అండాశయం నుంచి గర్భసంచికి వచ్చే గొట్టాలు) తీయొచ్చు. అండాశయాలు తీయొచ్చు, ఉంచొచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అండాశయాలది. హార్మోన్లు తయారయ్యేది అక్కడే. ముట్లు ఇంకా ఆగనివాళ్ళకి రెండూ తీసేస్తే ఆ వారంలోనే మెనోపాజ్ మొదలవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ముందుముందు ఎముకలు గుల్లబారడం. అవి బాగున్నప్పుడు "ఎలాగూ లోపలికి వెళ్తున్నాం కదా, తీసేద్దాం" అంటే ఒప్పుకోనక్కర్లేదు. ట్యూబుల సంగతి వేరు. వాటిని తీయడం వల్ల అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని చాలామంది డాక్టర్లు తీసేయమనే చెబుతారు.

దారులు మూడు: పొట్ట కోసి, యోని ద్వారా, లాప్రోస్కోపీ అంటే చిన్న రంధ్రాలతో. రోబో కూడా ఈ మూడో రకమే, ఖర్చు ఎక్కువ. యోని ద్వారా వీలయ్యేవాళ్ళకి అది చాలా మంచి దారి, పొట్ట మీద గాటే ఉండదు. బెంగళూరు ప్రైవేటు ఆసుపత్రుల్లో ముందు లాప్రోస్కోపీ పేరే ఎత్తుతారు కాబట్టి, "నాకు కింది నుంచి కుదరదా?" అని మీరే అడగాలి.

పెద్ద గడ్డలుండి లాప్రోస్కోపీ అంటే ఇంకో ప్రశ్న: "లోపల ముక్కలు చేసి తీస్తారా? చేస్తే సంచిలో పెట్టి చేస్తారా?" ఎక్కడైనా కనిపెట్టని క్యాన్సర్ ఉంటే ముక్కలతో పాటు పొట్టంతా పాకే ప్రమాదముంది. నలభై అయిదు దాటి రక్తస్రావం ఉన్నవాళ్ళకి ముందే లోపలి పొర బయాప్సీ (చిన్న ముక్క తీసి క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్ష) చేయించమని చెప్పేది ఇందుకే.

3. ఆసుపత్రి, డబ్బు, సెలవు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాణీవిలాస్, శివాజీనగర్ బౌరింగ్, మల్లేశ్వరం కె.సి. జనరల్, జయనగర్ జనరల్ ఉన్నాయి. క్యాన్సర్ అనుమానముంటే హోసూరు రోడ్డు కిద్వాయ్. గార్మెంట్స్‌లో చేసేవాళ్ళకి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటుంది, రాజాజీనగర్‌, ఇందిరానగర్‌ ఆసుపత్రులున్నాయి. ఈఎస్ఐ వాళ్ళు ఒకటి మర్చిపోవద్దు: అనారోగ్య సెలవుకి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. సర్టిఫికెట్ ఈఎస్ఐ డాక్టరు నుంచే తీసుకోవాలి.

ప్రైవేటులో ప్యాకేజీ చెప్పినప్పుడు దానిలో లేనివి ఏమిటని అడగండి. బయాప్సీ పరీక్ష, రక్తం, మందులు, ఐసీయూ రోజు చాలాసార్లు బయటే ఉంటాయి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో గర్భసంచి ఆపరేషన్‌కి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఇన్నాళ్ళు దాటితేగానీ డబ్బు రాదన్న గడువు) ఉందేమో చూడండి, చాలా పాలసీల్లో రెండేళ్ళుంటుంది. గది అద్దె పరిమితి దాటిన గది తీసుకుంటే బిల్లులో చాలావాటికి ఆ లెక్కన కోత పెడతారు. మా చెల్లెలికి అలాగే ముప్పై వేలు చేతినుంచి పడ్డాయి.

సెలవు: లాప్రోస్కోపీ, యోని ఆపరేషన్‌కి కూర్చుని చేసే ఉద్యోగమైతే నాలుగు వారాలు. పొట్ట కోసినవాళ్ళకి ఆరు నుంచి ఎనిమిది. రోజంతా నిలబడి మెషీన్ దగ్గర చేసేవాళ్ళు ఏ ఆపరేషన్ అయినా ఆరు వారాలకి తక్కువ అడగొద్దు.

4. నెల ముందు: రక్తం పెంచుకోవడం

మనవాళ్ళు బాగా అశ్రద్ధ చేసేది ఇదే. ఏళ్ళ తరబడి రక్తం పోయి ఎనిమిది, తొమ్మిది హిమోగ్లోబిన్‌తో తిరుగుతుంటాం, దానికి అలవాటు పడిపోయి ఉంటాం. అలాగే వెళ్తే రక్తం ఎక్కించాల్సి వస్తుంది, గాయం ఆలస్యంగా మానుతుంది, రెండు నెలలైనా నీరసం వదలదు. అత్యవసరం కాకపోతే హిమోగ్లోబిన్ పదికి పైన తెచ్చుకుని వెళ్ళండి.

మాత్రలు పడకపోతే, టైం తక్కువుంటే, డ్రిప్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, అడగండి. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంటన్నర దాకా టీ, కాఫీ, కాల్షియం మాత్ర వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. ఆ నెలంతా ముట్టు ఆపే మాత్రలు ఇస్తే ఒక్కటి కూడా మానొద్దు, మానితే పెంచుకున్న రక్తమంతా మళ్ళీ పోతుంది.

మామూలుగా రాసే పరీక్షలు:

☐ రక్తపరీక్ష, బ్లడ్ గ్రూపు, షుగర్, థైరాయిడ్, కిడ్నీ
☐ హెచ్ఐవి, హెపటైటిస్
☐ మూత్రపరీక్ష
☐ ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్)
☐ స్కానింగ్, పాప్ స్మియర్ (ముఖద్వారం క్యాన్సర్‌ని ముందే కనిపెట్టే పరీక్ష), అవసరమైతే లోపలి పొర బయాప్సీ

మత్తు డాక్టరుని కలిసేటప్పుడు మీరు వేసుకునే మందులన్నీ ఒక కవర్లో పట్టుకెళ్ళండి, ఆయుర్వేదం, నాటుమందులతో సహా. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్పాలి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం వాడుతుంటే ఆ పేరు తప్పకుండా చెప్పండి, అవి మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానొద్దు.

5. ఇల్లు ఆరు వారాలకి సిద్ధం చేయడం

ఆపరేషన్‌కి ముందు వారం నేను వంటింట్లో నిలబడి ఒక పని చేశాను. రోజూ వంగి తీసే వస్తువులు, చేతులెత్తి అందుకునే వస్తువులు అన్నీ నడుం ఎత్తుకి మార్చాను. కుక్కర్, పప్పుల డబ్బాలు, నూనె, అన్నీ గట్టు మీదికి. అయిదు లీటర్ల కుక్కర్ తీసేసి మూడు లీటర్లది బయట పెట్టాను. ఆరు వారాలు నన్ను కాపాడిన పనుల్లో ఇది మొదటిది.

బరువులకి నాకు చెప్పిన హద్దు నాలుగైదు కిలోలు. మన ఇళ్ళలో ఏది ఎంత బరువో చూడండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కిలోలు. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దాకా వస్తుంది. నిండు బకెట్టు పదిహేను. తడి దుప్పటి ఎంతుంటుందో ఎవరూ తూచరు, నేనూ తూచలేదు. ఆ సంగతి కింద చెబుతాను.

☐ నీళ్ళ క్యాను, సిలిండర్ ఎవరు మారుస్తారు? ఆ మనిషి పేరు రాసుకోండి
☐ కుళాయి నీళ్ళు పట్టే ఇల్లయితే బిందె బదులు పైపు
☐ నేలమీద పడుకునేవాళ్ళు మంచం ఏర్పాటు చేసుకోవాలి
☐ కింద కూర్చునే మరుగుదొడ్డయితే కమోడ్ కుర్చీ. మెడికల్ సామాన్ల షాపుల్లో అద్దెకి దొరుకుతుంది
☐ లిఫ్ట్ లేని మూడో అంతస్తయితే మొదటి రెండు వారాలు దిగే పని లేకుండా సరుకులు
☐ పనమ్మాయికి రెండు నెలలకి ముందే మాట్లాడి పెట్టుకోవడం

తోడుకి అమ్మని పిలిపించుకుంటే ఒక్క విషయం. డెబ్భై ఏళ్ళ అమ్మ వచ్చి మనకి చేయదు, మనం లేచి ఆమెకి చేస్తాం. వంట చేయగలిగినవాళ్ళు, బరువెత్తగలిగినవాళ్ళు కావాలి. మా ఆయన పది రోజులు సెలవు పెట్టారు. అన్నం, చారు, గుడ్డు అట్టు ముందే నేర్పించాను. మీ ఇంట్లో మగవాళ్ళకీ నేర్పించండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

6. ముందు రోజు, ఆపరేషన్ పొద్దున

సంచిలో పెట్టుకోవాల్సినవి: ముందువైపు గుండీలున్న వదులు నైటీలు నాలుగు, కాటన్ ప్యాడ్లు, పెద్ద సైజు కాటన్ లోదుస్తులు, వంగకుండా తొడిగే చెప్పులు, చిన్న దిండు, పాత రిపోర్టులన్నీ, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, పొడవు వైరున్న ఛార్జర్.

చీర పెట్టుకోవద్దు. లంగా బొందు సరిగ్గా పొట్ట కుట్టు మీదకే వస్తుంది.

కింద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీసుకోవద్దు. చిన్న గాట్లు పడి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. అవసరమైతే ఆసుపత్రిలో మెషీన్‌తో తీస్తారు. గోళ్ళ రంగు తీసేయండి, గోరింటాకు పెట్టుకోకండి, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించాలంటే గోరు శుభ్రంగా ఉండాలి. ముక్కుపుడక, మెట్టెలు, గాజులు ఇంట్లోనే సబ్బు నీళ్ళతో తీసేసి రండి. తాళి తీయడానికి మనసొప్పనివాళ్ళు ఉంటారు. మా అత్తగారు పసుపు కొమ్ము కట్టిన దారం నా చేతికి కట్టి తాళి తన దగ్గర ఉంచుకున్నారు. సిస్టర్ ఏమీ అనలేదు, దానిమీద ప్లాస్టర్ వేసింది.

తిండి ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరుని అడగండి, చాలాచోట్ల రెండు గంటల ముందు దాకా ఒప్పుకుంటారు. "రాత్రి నుంచి చుక్క నీరు వద్దు" అనుకుని ఎండిపోయి వెళ్ళక్కర్లేదు.

సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరే, కూడబలుక్కుని చదవొచ్చు. "గర్భకోశ" అంటే గర్భసంచి, "అండాశయ" మనకి తెలిసిందే. మీరు ఒప్పుకోని భాగం పేరు అందులో ఉంటే సంతకానికి ముందే అడగండి. తెలుగు తెలిసిన సిస్టర్ బెంగళూరులో ప్రతి వార్డులో ఎవరో ఒకరు దొరుకుతారు, చదివి చెప్పమనండి.

7. ఆసుపత్రిలో మొదటి రెండు రోజులు

మత్తు వదిలాక మూత్రానికి గొట్టం ఉంటుంది, మామూలుగా మర్నాడు తీసేస్తారు. తీశాక మూత్రం సొంతంగా వచ్చిందా లేదా అన్నది ముఖ్యం. ఆరు గంటలైనా రాకపోతే ఊరుకోవద్దు.

లాప్రోస్కోపీ అయినవాళ్ళకి భుజం నొప్పి వస్తుంది. నాకు అర్ధరాత్రి కుడి భుజం పట్టేసి గుండెనొప్పేమోనని వణికిపోయాను. పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ వల్ల అది. నడిస్తే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

నడక మొదటి రోజు సాయంత్రమో మర్నాడు పొద్దున్నో మొదలుపెట్టాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఆ నడకే. నొప్పి మాత్ర వేసిన అరగంటకి లేవండి. నొప్పి భరిస్తే త్వరగా మానుతుందన్నది అబద్ధం. నొప్పితో ఊపిరి పైపైన తీస్తే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. మూడు బంతులుండే, గాలి పీల్చే పరికరం ఇస్తే గంటకి పదిసార్లు పీల్చండి. దగ్గు వస్తే దిండు పొట్టకి అదిమిపట్టి దగ్గండి.

రాత్రి డ్యూటీ సిస్టర్‌కి తెలుగు రాకపోతే ఈ కన్నడ మాటలు చాలు:

☐ "తుంబా నోవు ఇదె": బాగా నొప్పిగా ఉంది
☐ "మూత్ర బర్తా ఇల్ల": మూత్రం రావట్లేదు
☐ "రక్త జాస్తి హోగ్తా ఇదె": రక్తం ఎక్కువ పోతోంది
☐ "తలె సుత్తుతా ఇదె": తల తిరుగుతోంది

8. డిశ్చార్జి రోజు

లాప్రోస్కోపీ, యోని ఆపరేషన్‌కి ఒకటి రెండు రోజులకి, పొట్ట కోసినవాళ్ళని మూడు నుంచి అయిదు రోజులకి పంపుతారు. బిల్లు హడావిడిలో డిశ్చార్జి కాగితం ఎవరూ చదవరు. మంచం మీద కూర్చుని చదవండి.

☐ ఏమేం తీశారో రాశారా? అండాశయాలు, ముఖద్వారం ఉన్నాయో లేవో?
☐ రక్తం ఎక్కించారా?
☐ కుట్లు కరిగేవా, తీయించుకోవాల్సినవా? ఎప్పుడు?
☐ బయాప్సీ రిపోర్టు ఎప్పుడు, ఏ కౌంటరులో?
☐ అర్ధరాత్రి ఇబ్బంది అయితే చేయాల్సిన నంబరు?

బయాప్సీ రిపోర్టు తెచ్చుకోవడం మీ బాధ్యతే అనుకోండి. మా పక్కింటావిడది నెలన్నర కౌంటరులోనే ఉండిపోయింది. "ఏమైనా ఉంటే వాళ్ళే ఫోన్ చేస్తారుగా" అనుకుంది. చేయలేదు. రిపోర్టులో వైద్యం అవసరమైన మార్పులున్నాయి. అదృష్టం కొద్దీ సమయం మించలేదు.

ఇంటికి ఆటో వద్దు, కారు తీసుకోండి. దిండు పొట్టకీ బెల్టుకీ మధ్య పెట్టుకోండి. మన రోడ్ల గుంతలు, హంప్‌లు ఒక్కొక్కటీ తెలుస్తాయి. ఊరు అనంతపురమో చిత్తూరో అయితే డిశ్చార్జి రోజే బస్సెక్కొద్దు. మొదటి చెకప్ దాకా బెంగళూరులోనే చుట్టాలింట్లో ఉండండి. ప్రయాణంలో గంటకోసారి దిగి నాలుగడుగులు నడవాలి.

9. మొదటి రెండు వారాలు

పడుకున్నచోటు నుంచి నిటారుగా లేవొద్దు. ఒక పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడిచి, కాళ్ళు మంచం అంచు దించుతూ మోచేతి మీద లేవాలి. ఇది ఆసుపత్రికి వెళ్ళకముందే రెండుసార్లు సాధన చేయండి.

ఇంట్లో రోజుకి నాలుగైదుసార్లు, అయిదేసి నిమిషాలు నడక. రోజుకో రెండు నిమిషాలు పెంచుకుంటూ పోండి. రోజంతా పడుకోవడం, రోజంతా తిరగడం, రెండూ తప్పే.

స్నానం మగ్గుతోనో షవర్‌తోనో చేయొచ్చు, కుట్టు మీద రుద్దకుండా, తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పసుపు, విభూతి, కొబ్బరినూనె, ఏదీ రాయొద్దు. కింద ప్యాడ్ తప్ప ఇంకేమీ వద్దు.

కొద్దిగా గోధుమరంగు, గులాబీరంగు మరకలు రెండు మూడు వారాలు, కొందరికి ఆరు దాకా ఉంటాయి. లోపలి కుట్లు కరిగేటప్పుడు మధ్యలో ఒకటి రెండు రోజులు కాస్త ఎక్కువ కావచ్చు. తగ్గుతూ పోవాలి.

మలబద్ధకం ఆపరేషన్ నొప్పికన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. ముక్కడం లోపలి కుట్టుకి మంచిది కాదు. డాక్టరు రాసిన సిరప్ మొదటిరోజు నుంచే తాగండి, ఇబ్బంది వచ్చాక కాదు. పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే తేలిక.

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి దీపం ఆరినట్టు ఒళ్ళు వాలిపోతుంది. కారణం లేకుండా ఏడుపొస్తుంది. అది మీ బలహీనత కాదు. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, నిద్ర పూర్తిగా పోతే డాక్టరుకి చెప్పండి.

10. పథ్యం పేరుతో చేసే తప్పులు

ఇక్కడ నాకు కోపం వస్తుంది, దాచుకోను. పప్పు తింటే చీము పడుతుందంటారు. నీళ్ళెక్కువ తాగితే కుట్టు నానుతుందంటారు. పెరుగు జలుబు, వంకాయ దురద. చివరికి మిగిలేది వెల్లుల్లికారం అన్నం. రక్తం పోయి వచ్చిన మనిషికి కారం అన్నం పెడితే గాయం దేనితో మానుతుంది?

కొత్త చర్మం కట్టేది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్, ఏది మీ ఇంట్లో తింటే అది రోజూ తినండి. నీళ్ళు రెండు రెండున్నర లీటర్లు. ఆకుకూరలు, బొప్పాయి, రాగిజావ. మొదటి నాలుగు రోజులు గ్యాస్ పట్టే శనగపిండి, వేపుళ్ళు ఆపితే చాలు. షుగర్ ఉన్నవాళ్ళు తేనె, బెల్లం, కొబ్బరినీళ్ళ పేరుతో చక్కెర పెంచుకోవద్దు, షుగర్ ఎక్కువైతేనే నిజంగా చీము పడుతుంది.

పెద్దవాళ్ళతో వాదించే ఓపిక ఆ వారంలో ఉండదు. నేను డాక్టరుతో "పప్పు, గుడ్డు, పెరుగు, నీళ్ళు" అని మందుల చీటీ మీద రాయించుకొచ్చాను. చీటీ మీద ఉంటే అది మందే కదా, మా అత్తగారే స్వయంగా పెట్టారు.

11. మూడో వారం నుంచి ఆరో వారం: అసలు ప్రమాదం ఇప్పుడే

పద్దెనిమిదో రోజు. పొట్ట మీద మూడు గాట్లూ పెచ్చులూడి లేత గులాబీరంగులో ఉన్నాయి, నొప్పి లేదు. వాషింగ్ మెషీన్ ఆగింది, బయట ఎండ బాగుంది. రెండు తడి దుప్పట్లున్న బకెట్టు ఎత్తి పై అంతస్తు టెర్రస్‌కి తీసుకెళ్ళాను. పదహారు మెట్లు. ఆరేసేటప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. సాయంత్రం టీ పెడుతుంటే తొడ మీద వెచ్చగా జారింది. ఎర్రటి రక్తం.

లోపలి కుట్టు ఊడలేదు, ఒక మూల లాగిందన్నారు. రెండు వారాలు మళ్ళీ మొదటికి. ఆ రాత్రి క్యాజువాలిటీ బల్ల మీద పడుకుని ఆ రెండు దుప్పట్లనే తలచుకున్నాను.

అందుకని ఆరు వారాల దాకా:

☐ నాలుగైదు కిలోలు దాటినది ఎత్తొద్దు. చంటిపిల్లలైతే మీరు కూర్చోండి, వాళ్ళని ఎవరైనా ఒళ్ళో పెట్టాలి
☐ వంగి ఇల్లు తుడవడం, బట్టలు బాదడం, పిండి రుబ్బడం వద్దు
☐ భార్యాభర్తల కలయిక వద్దు, డాక్టరు లోపల చూసి చెప్పేదాకా. ఇది భర్తకి మీరు కాదు, డాక్టరే చెప్పేలా చూసుకోండి
☐ ఈత, తొట్టిస్నానం వద్దు
☐ స్కూటీ నాలుగు నుంచి ఆరు వారాలకి, అదీ గట్టిగా బ్రేకు నొక్కితే పొట్ట పట్టనప్పుడే. బండిని స్టాండ్ వేయడం కూడా బరువెత్తడమే

నడక మాత్రం అరగంట దాకా పెంచండి. మూత్రం ఆపుకునేటట్టు కింది కండరాలు బిగించి, అయిదు లెక్కపెట్టి వదిలే వ్యాయామం డాక్టరు సరే అన్నాక రోజుకి మూడుసార్లు, పదేసి చేయండి. గర్భసంచి జారి తీయించుకున్నవాళ్ళు దీన్ని జీవితాంతం మానకూడదు.

12. వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు

☐ గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, గడ్డలు
☐ యోని నుంచి హఠాత్తుగా నీళ్ళు బుళుక్కున రావడం, ఏదో బయటికొచ్చినట్టు అనిపించడం
☐ మూత్రం తెలియకుండా నిరంతరం కారడం. ఇది వారం, పది రోజుల తర్వాత కూడా మొదలవచ్చు
☐ 100.4 దాటిన జ్వరం, చలి, వాసనతో స్రావం
☐ పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోవడం
☐ ఒక పిక్క వాచి, వేడెక్కి నొప్పి పెట్టడం
☐ ఆయాసం, ఛాతీనొప్పి: ఇది 108కి ఫోన్ చేయాల్సిన విషయం

"పొద్దున చూద్దాం" అనుకోవద్దు. మూత్రం కారుతుంటే సిగ్గుపడి నెలలు ప్యాడ్లు మార్చుకుంటూ గడిపేవాళ్ళున్నారు. ఆపరేషన్‌లో మూత్రనాళానికో మూత్రసంచికో తగిలిన దెబ్బ అది, సరిచేయొచ్చు.

13. ట్యూబులు కట్టించుకునే ఆపరేషన్ మాత్రమే అయితే

పేర్లు కలిపేసుకుంటున్నారు కాబట్టి క్లుప్తంగా. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో గర్భసంచి అలాగే ఉంటుంది, ముట్లు వస్తూనే ఉంటాయి. వారం రోజులు బరువు పనులు మానితే చాలామందికి సరిపోతుంది. ప్రసూతి ప్రయోజనాల నిబంధనలు వర్తించే చోట ట్యూబెక్టమీకి రెండు వారాలు జీతంతో సెలవు హక్కు. ఆ తర్వాత ఎప్పుడైనా ముట్టు తప్పితే వెంటనే పరీక్ష చేసుకోండి, అరుదుగా విఫలమవుతుంది, అప్పుడు ట్యూబులో గర్భం నిలిచే ప్రమాదముంది. మగవాళ్ళ వేసెక్టమీ దీనికన్నా చిన్న ఆపరేషన్ అని ఇంట్లో ఒకసారి చెప్పి చూడండి.

14. ఆరు వారాల చెకప్

బాగున్నాం కదా అని ఈ చెకప్ మానేసేవాళ్ళే ఎక్కువ. లోపలి కుట్టు మానిందో లేదో చూసేది ఈ రోజే. అడగాల్సినవి: లోపల పూర్తిగా మానిందా, బయాప్సీలో ఏముంది, బరువులు ఎప్పటినుంచి, కలయిక ఎప్పటినుంచి. మొదట్లో పొడిగా, బిగుతుగా అనిపిస్తే దానికి జెల్, క్రీము ఉన్నాయి, అడగడానికి సంకోచించొద్దు.

అండాశయాలు తీసేసినవాళ్ళు, ముఖ్యంగా నలభై అయిదు లోపువాళ్ళు, హార్మోన్ చికిత్స గురించి ఈ రోజే మాట్లాడాలి. వద్దనే కారణం లేకపోతే మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా వాడమంటారు. కాల్షియం, విటమిన్ డి, ఎముకల పరీక్ష కూడా. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొంచెం ముందే రావచ్చు, ముట్లుండవు కాబట్టి అది ఆవిర్లతోనే తెలుస్తుంది.

ముఖద్వారం ఉంచి ఉంటే పాప్ స్మియర్ మామూలుగానే చేయించుకుంటూ ఉండాలి. ముఖద్వారం కూడా తీసేసి, క్యాన్సర్ ముందు మార్పులు ఎప్పుడూ లేకపోతే అక్కర్లేదు.

డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు ఫోటో తీసి మీ ఫోన్‌లో, మీ అమ్మాయి ఫోన్‌లో ఉంచండి. పదేళ్ళ తర్వాత కడుపునొప్పితో ఏ ఊళ్ళో స్కానింగ్‌కి వెళ్ళినా, బల్ల ఎక్కగానే "అండాశయాలు ఉంచారా, తీసేశారా?" అని అడుగుతారు.